వాళ్లు ‘స్వేచ్ఛా పౌరులు’ కారు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికా బానిసత్వం మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. పత్తి తోటల గురించి, మనుషుల వేలం గురించి రాసిన భాగం మనసును పట్టి కుదిపింది. కానీ నాలుగో పేరాలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. ‘అంతర్యుద్ధానికి ముందు దక్షిణాదిలో విముక్తి పొందిన కొద్దిమంది నల్లవారు స్వేచ్ఛా పౌరులుగా బతికేవారు’ అని ఉంది. ఈ మాట తప్పు. తెలిసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైందని కత్తిరించవలసి వస్తే అంకెలు తీసేయండి గానీ, మనుషుల సంగతులు ఉంచండి.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాను. రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, కోస్తా జిల్లాల సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. దస్తావేజులు చదవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. మా అమ్మాయి వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీలో ఉంటుంది. అక్కడి ఆష్‌బర్న్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చే నాలాంటి తల్లిదండ్రులు సాయంత్రం నడకకు బయలుదేరితే ప్రతి మలుపులోనూ ఎదురవుతారు. పగలు ఇంట్లో అందరూ వెళ్లిపోతే నాకు పొద్దు గడిచేది కాదు. ఆ కౌంటీకి ముఖ్యపట్టణం లీస్‌బర్గ్. అక్కడి కోర్టులో పాత దస్తావేజులు ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చని తెలిసి, మా అమ్మాయి చేత ఒకరోజు సెలవు పెట్టించి మరీ వెళ్లాను. ఆ గదిలోకి అడుగుపెట్టగానే పాత కాగితం వాసనకు నా ఆఫీసే గుర్తొచ్చింది.

భూముల దస్తావేజులతో పాటు అక్కడ ‘స్వేచ్ఛా నీగ్రోల నమోదు’ అని వేరే పుస్తకం ఉంది. నీగ్రో అన్నది నా మాట కాదు, ఆనాటి కాగితం మీద ఉన్న మాట. తిరగేశాను. ముందు వరుస సంఖ్య, తరువాత పేరు, వయసు, ఒంటి రంగు. నలుపా, ముదురు గోధుమా, పసుపు కలిసిన చామనఛాయా అన్నది గుమాస్తా కంటికి ఎలా తోస్తే అలా. తరువాత ఎత్తు, అడుగులు అంగుళాలే కాక అంగుళంలో పావు వంతు కూడా వదలకుండా. ఆ తరువాత ఒంటిమీది గుర్తులు. ఒకామెకు కుడి మణికట్టు దగ్గర కాలిన మచ్చ. ఒకతనికి ఎడమ కనుబొమ మీద గాటు. ఆఖరున ఈ మనిషికి స్వేచ్ఛ ఎలా వచ్చింది: ఫలానా వారి వీలునామా వల్ల, ఫలానా దస్తావేజు వల్ల, లేదా పుట్టుకతోనే. మన దస్తావేజుల్లో పొలానికి చెక్కుబందీ రాస్తాం కదా, తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన డొంక అని. ఆ గుమాస్తా మనిషి ఒంటికి చెక్కుబందీ రాశాడు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టే కదా అంది మా అమ్మాయి. కాదమ్మా అన్నాను. ఆ సర్టిఫికెట్ పోతే నీ ఉద్యోగం ఆలస్యమవుతుంది, నిన్ను జైల్లో పెట్టరు. వర్జీనియాలో 1793లో చేసిన చట్టం ప్రకారం బానిస కాని ప్రతి నల్లమనిషీ గుమాస్తా దగ్గర పేరు నమోదు చేయించుకుని, 25 సెంట్లు చెల్లించి నకలు తీసుకోవాలి. పట్టణాల్లో ఏటా, కౌంటీల్లో మూడేళ్లకోసారి ఆ నకలు కొత్తది తీసుకోవాలి. అది దగ్గర లేకుండా దొరికితే పారిపోయి వచ్చిన బానిస అని అనుమానించి జైల్లో వేయవచ్చు. జైలు ఖర్చులు కట్టవలసింది కూడా ఆ మనిషే. కట్టలేకపోతే ఆ బాకీ కింద కూలికి అప్పగించేవారు.

నా ఉద్యోగ జీవితంలో కాగితం దేనికి? ఈ పొలం నాది అని చెప్పుకోవడానికి. రామయ్య తన పొలానికి కాగితం చూపిస్తాడు గానీ, రామయ్య రామయ్యదే అనడానికి ఎవరూ కాగితం అడగరు. అక్కడ అడిగారు. వాళ్ల న్యాయస్థానాలు దాన్ని బాహాటంగానే రాసుకున్నాయి. 1806లో వర్జీనియా అప్పీలు కోర్టులో ఒక కేసు నడిచింది. ముగ్గురు స్త్రీలు, అమ్మమ్మ, తల్లి, కూతురు, తాము బానిసలం కామని పోరాడారు. అమెరికా మూలవాసులైన ఇండియన్ తెగల స్త్రీ కడుపున పుట్టిన పరంపర తమదని వాళ్ల వాదన. కింది కోర్టులో జార్జ్ విత్ అనే న్యాయమూర్తి, మనిషి అన్నవాడు పుట్టుకతో స్వేచ్ఛాపరుడే, బానిస అని చెప్పేవాడే రుజువు చేసుకోవాలి అన్నాడు. పై కోర్టు ఆ స్త్రీలను విడిచిపెట్టింది గానీ ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. చూడడానికి తెల్లగానో ఇండియన్ లాగానో ఉంటే స్వేచ్ఛాపరులని అనుకోవాలి, నల్లగా ఉంటే బానిస అనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం ఆ నల్లమనిషిదే అని తేల్చింది. జుట్టు తీరు, ముక్కు తీరు అన్నీ తీర్పులో చర్చకు వచ్చాయి. ఆనాటి నుంచి ఒంటి రంగే యజమాని పక్షం సాక్ష్యం.

మీ వ్యాసంలో ‘విముక్తి పొందిన’ అన్న మాట కూడా పూర్తిగా సరి కాదు. వాళ్లలో చాలామంది ఎన్నడూ బానిసలు కారు. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుంది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస, తండ్రి ఎవరైనా సరే. అదే సూత్రం ప్రకారం బానిస కాని తల్లి బిడ్డలు బానిసలు కారు. తెల్ల పనిమనిషికీ నల్ల మగవాడికీ పుట్టిన పిల్లలను ముప్పై ఏళ్లు నిండేదాకా చాకిరీకి కట్టిపడేసినా, ఆ వంశాల వాళ్లు తరతరాలుగా బానిసలు కాకుండానే ఉన్నారు. ఇక ‘కొద్దిమంది’ అన్న మాట. 1860 జనాభా లెక్కల్లో బానిసత్వం ఉన్న రాష్ట్రాలన్నిటిలో కలిపి బానిసలు కాని నల్లవారు సుమారు 2 లక్షల 50 వేలు. మేరీలాండ్‌లో 83,942 మంది, వర్జీనియాలో 58,042 మంది. మిసిసిపీలో మాత్రం 773. మా అమ్మాయి ఉన్న లౌడన్ కౌంటీ ఒక్కదానిలోనే ఆ ఏడు 5,501 మంది బానిసలు ఉంటే, బానిసలు కాని నల్లవారు 1,252 మంది. ఆ 1,252 మందిలో ఎవరో ఒకరి కాలిన మచ్చ గురించే నేను చదివాను.

లీస్‌బర్గ్ నుంచి వచ్చిన వారం రోజులకు వాషింగ్టన్‌లో నల్లజాతి చరిత్ర మ్యూజియానికి వెళ్లాం. అక్కడ ఒక రేకు పెట్టె చూశాను. చేత్తో మడిచి అతికిన చిన్న పెట్టె, మడతపెట్టిన కాగితం ఒక్కటే పట్టేంత. జోసెఫ్ ట్రామెల్ అనే ఆయనది. ఏ ఊరు అని చూస్తే, లౌడన్ కౌంటీ! 1852లో తీసుకున్న స్వేచ్ఛాపత్రం అందులో పెట్టుకునేవాడట. దాని ముందు నుంచి నేను కదలలేకపోయాను. పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ సంచిని చీరె చెంగులో ముడివేసుకుని వచ్చే ముసలమ్మలను ఎంతమందిని చూశానో నేను. వాన పడితే ముందు తల తుడుచుకోరు, ఆ సంచి విప్పి చూసుకుంటారు. ట్రామెల్ కూడా పొలంలో చెమట పట్టినప్పుడు, వాగు దాటినప్పుడు ఆ రేకు పెట్టెను తడిమి చూసుకునే ఉంటాడు. పొలం పోయిన రైతు కూలికి పోతాడు. ఆ కాగితం పోతే ట్రామెల్ ఎక్కడికి పోవాలి?

ఇంతకన్నా క్రూరమైన చట్టం 1806 నాటిది. 1782లో వర్జీనియాలో యజమాని దస్తావేజు ద్వారానో వీలునామా ద్వారానో బానిసకు విముక్తి ఇవ్వడానికి అనుమతి వచ్చింది. వేలమందికి అలా మేలు జరిగింది. అది చూసి భయపడి, 1806లో కొత్త నిబంధన పెట్టారు. 1806 మే 1 తరువాత విముక్తి పొందిన వ్యక్తి పన్నెండు నెలల్లో రాష్ట్రం విడిచి వెళ్లిపోవాలి. వెళ్లకపోతే పట్టుకుని మళ్లీ అమ్మేస్తారు, ఆ డబ్బు బీదల సహాయ నిధికి. పోనీ వెళ్తారు అనుకుందాం, ఎక్కడికి? ఏడాది రెండేళ్లలోనే మేరీలాండ్, డెలావేర్, కెంటకీ తమ గడపలు మూసేశాయి. ఉత్తరాన ఒహాయో 500 డాలర్లకు పూచీకత్తు అడిగింది.

ఈ చట్టం ఇళ్లలోకి ఎలా వచ్చిందో చూడండి. బానిస కాని ఒక భర్త, కష్టపడి కూడబెట్టి, బానిసగా ఉన్న భార్యను యజమాని దగ్గర కొనుక్కున్నాడు. వెంటనే ఆమెకు విముక్తి దస్తావేజు రాస్తే ఏడాదిలో ఆమె రాష్ట్రం వదలాలి. అందుకని రాయడు. కాగితం ప్రకారం ఆమె అతని ఆస్తి. పుట్టిన పిల్లలు తల్లి స్థితిని బట్టి బానిసలు, అంటే కన్నతండ్రికి ఆస్తి. అతను అప్పులు తీర్చకుండా కన్నుమూస్తే అప్పులవాళ్లు ఇల్లు, గేదె జప్తు చేసినట్టే భార్యాబిడ్డలనూ జప్తు చేయించవచ్చు. ఇక్కడే ఉండనివ్వండి అని శాసనసభకు పెట్టుకున్న అర్జీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఇరుగుపొరుగు తెల్లవాళ్లు, ఈయన మంచివాడు, మా కమ్మరి, మా చాకలామె అని సంతకాలు చేసిన అర్జీలు కూడా ఉన్నాయి. 1837 తరువాత ఆ అనుమతి ఇచ్చే అధికారం కౌంటీ కోర్టులకు ఇచ్చారు. ఉన్న ఊళ్లో ఉండడానికి దయ అడుక్కోవలసిన మనిషిని పౌరుడు అనగలమా?

పక్కనే ఉన్న నార్త్ కరోలినాలో థామస్ డే అనే గొప్ప వడ్రంగి ఉండేవాడు. మిల్టన్ అనే ఊళ్లో దుకాణం. ధనికుల ఇళ్లలో అతని బల్లలు, మంచాలు, మెట్ల కమ్మీలు ఉండడం హోదా. వర్జీనియా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా బానిస కాదు. కానీ ఇతర రాష్ట్రాల నుంచి అలాంటి నల్లవారు రాకూడదని నార్త్ కరోలినాలో 1826 నుంచి చట్టం ఉంది. అందుకని భార్యను కాపురానికి తెచ్చుకోలేకపోయాడు. ఊరు వదిలి వెళ్లిపోతానన్నాడు. మంచి పనివాడు పోతాడని మిల్టన్ తెల్లవాళ్లు అర్జీ పెడితే, 1830లో శాసనసభ ఆ ఒక్క ఇల్లాలి కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ అర్జీకి మద్దతుగా రాసిన ప్రభుత్వ న్యాయాధికారి ఏమన్నాడో తెలుసా? ఇతనికి భూమి ఉంది, ఇతనికీ బానిసలున్నారు, నల్లవాళ్లలో ఏదైనా అలజడి రేగితే ఇతను మనకు చెబుతాడని నా నమ్మకం అన్నాడు. పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి ఆ మనిషి ఇవ్వవలసి వచ్చిన పూచీ అది.

అవును, వీళ్లలో కొందరికి బానిసలుండేవారు. దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. భార్యనో బిడ్డనో కాపాడుకోవడానికి కాగితం మీద యజమాని అయినవాళ్లు కొందరు, లాభం కోసమే కొన్నవాళ్లు కొందరు. సౌత్ కరోలినాలో పత్తి గింజ తీసే యంత్రాలు చేసే విలియం ఎలిసన్ తానే ఒకప్పుడు బానిస. 1860 నాటికి అతని కింద 63 మంది బానిసలున్నారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అయినా ఎలిసన్ సైతం ఒక తెల్ల సంరక్షకుడి పేరు చెప్పుకోవలసినవాడే. 1822లో చార్ల్‌స్టన్‌లో డెన్మార్క్ వీసీ అనే నల్లమనిషి తిరుగుబాటు పథకం బయటపడిందని 35 మందిని ఉరితీశారు. వీసీ లాటరీలో వచ్చిన డబ్బుతో తనను తాను కొనుక్కున్నవాడు. ఆ వెంటనే, పదిహేనేళ్లు దాటిన ప్రతి బానిస కాని నల్ల మగవాడికీ ఒక తెల్ల సంరక్షకుడు ఉండాలని సౌత్ కరోలినా చట్టం చేసింది. వేరే చోటి ఓడలో నల్ల నావికుడు వస్తే ఓడ రేవులో ఉన్నన్నాళ్లూ అతన్ని జైల్లో ఉంచేవారు.

నా వృత్తి వల్లనేమో, అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఒక హద్దు తగాదా. మిసిసిపీ రాష్ట్రం నాచెజ్ పట్టణంలో విలియం జాన్సన్ అనే మంగలి ఉండేవాడు. బానిసగా పుట్టి, 1820లో పదకొండో ఏట శాసనసభ అనుమతితో విముక్తి పొందాడు. క్షౌరశాలలు పెట్టాడు, ఇల్లు కట్టాడు, భూములు కొన్నాడు, తెల్లవాళ్లకు అప్పులిచ్చాడు. అతనికీ బానిసలున్నారు. 1835 నుంచి పదహారేళ్లు దినచర్య రాశాడు. ఎవరికి ఎంత అప్పు, ఏ గుర్రం గెలిచింది, వీధిలో ఎవరు కొట్టుకున్నారు, అన్నీ. అతని పొలం పక్కన బేలర్ విన్ అనేవాడి పొలం. సరిహద్దు మీద గొడవ. జాన్సన్ పద్ధతి ప్రకారం కోర్టుకు వెళ్లాడు, సర్వే చేయించాడు, తగవు తీరిందనుకున్నాడు. 1851 జూన్‌లో ఇంటికి వస్తుండగా దారిలో పొంచి ఉండి కాల్చారు. చనిపోయేముందు విన్ పేరు చెప్పాడు. వెంట జాన్సన్ కొడుకు ఉన్నాడు, ఇంకా ఇద్దరున్నారు, చూశారు.

అంతా నల్లవాళ్లే. మిసిసిపీలో తెల్లవాడి మీద నల్లవాడు సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. విన్ అంతకుముందు ఊళ్లో నల్లవాళ్ల లెక్కలోనే ఉన్నవాడు. ఇప్పుడు నాలో ఉన్నది తెల్ల, ఇండియన్ రక్తమే అన్నాడు. హత్య చేశాడా లేదా అన్నది పక్కకు పోయి, విన్ ఏ రంగువాడు అన్నదే విచారణ అయింది. ఆ పాయింటు మీదే కేసు కూలి, విన్ బయటికి నడిచి వచ్చాడు. నేను ఎన్నో హద్దు దస్తావేజులు చూశాను. రెండు పక్షాలూ నిశానీలు వేసి, సాక్షులు సంతకాలు పెట్టి, ఇక గొడవ లేదని ఊపిరి పీల్చుకుని వెళ్లేవాళ్లను చూశాను. జాన్సన్ చేసినదంతా చట్టం ప్రకారమే చేశాడు. ఆస్తి హక్కు అతనికి నిజంగానే ఉంది, కొనవచ్చు, అమ్మవచ్చు, దావా వేయవచ్చు. దాన్ని కాపాడుకునే చోట మాత్రం కొడుకు నోరు పనికిరాలేదు.

అన్ని చోట్లా ఒకే తీరు అని నేను అనడం లేదు. ఫ్రెంచి, స్పానిష్ పాలన నుంచి వచ్చిన అలవాట్ల వల్ల లూసియానాలో వీళ్లకు తెల్లవాళ్ల మీద కూడా సాక్ష్యం చెప్పే వీలుండేది. న్యూ ఆర్లీన్స్‌లో ఆస్తిపరులు, సంగీతకారులు ఉండేవారు. అక్కడి దస్తావేజుల్లో మాత్రం ప్రతి ఒక్కరి పేరు పక్కన వాళ్లు రంగుజాతి వారని పొట్టి అక్షరాల్లో గుర్తు పెట్టేవారు. నార్త్ కరోలినాలో 1835 దాకా ఆస్తి ఉన్న నల్లవారు ఓటు వేశారు. ఆ ఏడు ఆ హక్కు తీసేశారు. అయినా మూడేళ్లకు అక్కడి న్యాయమూర్తి విలియం గాస్టన్, బానిస కాని నల్లవారు ఈ రాష్ట్ర పౌరులే అని తీర్పు రాశాడు. మీ వ్యాసకర్త ‘పౌరులు’ అన్నది ఆ ఒక్క తీర్పును చూసి అయితే నాకు అర్థమవుతుంది. కానీ గాలి ఎటు వీచిందో చూడాలి. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగింది. మరుసటి ఏడాదికల్లా వర్జీనియా నల్ల బోధకుల నోళ్లు కట్టేసింది. నల్లవారు చదువు నేర్చుకోవడానికి గుమిగూడడం అప్పటికే నేరం. 1853లో జార్జియా న్యాయమూర్తి జోసెఫ్ లంప్‌కిన్, విముక్తి దస్తావేజు వల్ల దక్కేది యజమాని అదుపు నుంచి బయటపడడం, కొంత మేర తిరిగే వీలు, అంతకుమించి ఏ హక్కూ కాదు అని రాశాడు. 1857లో, తనకు స్వేచ్ఛ కావాలని డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఆఫ్రికన్ సంతతి వారు ఈ దేశ పౌరులు కాలేరు అని తేల్చింది. 1859లో ఆర్కాన్సా, ఏడాది తిరిగేలోపు రాష్ట్రం వదిలి పొండి, లేదంటే బానిసలవుతారు అంది. 1860 లెక్కల్లో అక్కడ మిగిలింది 144 మంది.

వర్జీనియాలో 1856లో ఇంకో చట్టం వచ్చింది. బానిస కాని నల్లమనిషి తనకు తానుగా ఒక యజమానిని ఎంచుకుని బానిసగా మారవచ్చు, కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. రాష్ట్రం వదిలి పొమ్మంటే, భార్యాబిడ్డలు ఇక్కడే బానిసలుగా ఉంటే, కొందరు ఆ అర్జీ పెట్టుకున్నారు. నేను ఎన్నో రకాల దస్తావేజులు రిజిస్టరు చేశాను: విక్రయం, తనఖా, దానం, భాగపంపకం, దత్తత. మనిషి తనను తాను రాసిచ్చే దస్తావేజు ఒకటి ఉంటుందని అరవై ఆరేళ్లకు తెలుసుకున్నాను.

అందుకని నా మనవి ఒక్కటే. ఈ వ్యాసాలను పుస్తకంగా వేసే ఆలోచన ఉందని అనుబంధంలోనే ప్రకటించారు. పుస్తకంలో ఆ వాక్యం అలాగే పోతే, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు దాన్నే కంఠస్థం చేస్తారు. ‘స్వేచ్ఛా పౌరులు’ అన్న చోట ‘బానిసలు కాని నల్లవారు’ అని వేయండి. వినడానికి మొరటుగా ఉంటుందని తెలుసు. చట్టం వాళ్లకు రాసిచ్చింది మాత్రం అంతవరకే. వీలైతే అక్కడే జాన్సన్ హత్య సంగతి రెండు వాక్యాలు చేర్చండి. లీస్‌బర్గ్ పుస్తకంలో నేను నా చేత్తో రాసుకున్న వివరాలు నోటు పుస్తకంలో ఉన్నాయి. మీ వ్యాసకర్తకు కావాలంటే నకలు తీసి పోస్టులో పంపిస్తాను.

భవదీయురాలు,
విశ్రాంత రిజిస్ట్రేషన్ ఉద్యోగిని,
నరసరావుపేట